వేలు పెట్టిన చోటు

ఎక్కడైనా వేలు పెట్టడమంటే తగవు తెచ్చుకోవడం. ఈ అక్కాచెల్లెళ్ళ ఇంట్లో మాత్రం తగవు తీర్చుకోవడం. వాళ్ళ నాన్న పెట్టిన చట్టమది. ఆయన చర్చికి పెద్ద, ఇంటికి అంతకంటే పెద్ద. దేవుడి గురించి ఎవరు ఏ మాట అన్నా, భోజనాల బల్ల మీద బైబిలు తెరిచి వాళ్ళ ముందుకు తోసేవాడు. "వేలు పెట్టి చూపించు" అనేవాడు. చూపిస్తే మాట నిలిచినట్టు. చూపించలేకపోతే నోరు మూసుకుని తినాలి. పెద్ద కూతురికి ఏ వచనం ఎక్కడుందో కంఠతా వచ్చు. చిన్నదానికి ప్రశ్నలు వచ్చు. అందుకే చిన్నది ఎక్కువ పూటలు నోరు మూసుకునే తినేది.

ఒకరోజు చిన్నదే నాన్నను ఎదురు అడిగింది. "తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడని ఎక్కడుంది నాన్నా?"

ఆయన తడుముకోలేదు. యోహాను రాసిన మొదటి ఉత్తరం తీసి, చివరి అధ్యాయంలో ఒక వాక్యం మీద వేలు ఆనించాడు. పరలోకంలో సాక్ష్యం చెప్పేవాళ్ళు ముగ్గురున్నారని, ఆ ముగ్గురూ ఒక్కటేనని అక్కడ అచ్చులో ఉంది. చిన్నది చదివి తలూపింది. ఆ వాక్యం కింద నాన్న గోరు నొక్కిన గీత అలాగే ఉండిపోయింది.

నాన్న పోయాక ఆ ఇంట్లో మిగిలింది పెళ్ళి చేసుకోని అక్క, ఓడ పనికి వెళ్ళి తిరిగిరాని మొగుడి కోసం చూసి చూసి మానేసిన చెల్లెలు, చెల్లెలి కొడుకు చిట్టి. ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు ఎదురెదురుగా ఉండేవి. బడి పిల్లల యూనిఫారాలు, హోటలు పనివాళ్ళ కోట్లు, చర్చిలో పాటలు పాడేవాళ్ళ అంగీలు కుట్టేవాళ్ళు. గుడ్డ కత్తిరించి కుట్టడం అక్క పని. కాజాలు, బొత్తాలు, అంచులు చెల్లెలి పని. చెల్లెలు తీసిన కాజా ఎన్ని ఉతుకులు ఉతికినా దారం వదిలేది కాదు. ఆదివారాలు అక్క చర్చిలో పిల్లలకు పాఠం చెప్పేది. చిట్టిని ముందు వరసలో కూర్చోబెట్టేది, వాడు నిద్రపోతే చూసీ చూడనట్టు ఊరుకునేది. పక్క పిల్లలు నిద్రపోతే మాత్రం చెవి మెలిపెట్టేది.

చిట్టి జ్వరంతో పోయాడు. మొన్నటిదాకా గుడ్డపీలికలతో ఆడుకున్నవాడు మూడో తరగతి పుస్తకాలు కొత్తవి కొత్తగా ఉండగానే పోయాడు. చర్చి వెనక సమాధుల తోటలో వాణ్ణి పెట్టినప్పుడు, పక్కన ఇంకో మనిషి పట్టేంత జాగా వదలమని చెల్లెలు పాస్టరు గారిని అడిగింది. ఆ జాగా తనకి. అది తప్ప ఈ లోకంలో ఆమె ఎవర్నీ ఏదీ అడగలేదు.

తోటలోకి చేరడం అంత తేలిక కాదు. పెట్టె గోతిలోకి దించే ముందు రక్తసంబంధి ఒకరు దాని మీద చెయ్యి వేసి, ఈ మనిషి మన సంఘ విశ్వాసంలోనే కన్నుమూసిందని అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. ఆ మాట పడనిదే పెట్టె దిగదు. ఈ ఆచారం కూడా నాన్నగారి చలవే.

కొడుకు పోయిన మనిషికి పొద్దు ఎలా గడుస్తుంది? చెల్లెలు బైబిలు పట్టుకుంది. నాన్న పుస్తకం అట్ట ఊడి, కాగితాలు రాలిపోతుంటే కొత్త అనువాదం ఒకటి కొనుక్కుంది. ఒక ఉదయం రెండు పుస్తకాలూ తెచ్చి, అక్క కత్తిరిస్తున్న గుడ్డ మీదే పక్కపక్కన పరిచింది.

"నాన్న చూపించిన వాక్యం చూడు. ఇప్పుడు కొత్తదాంట్లో చూడు."

కొత్తదాంట్లో ఆ వాక్యం లేదు. ఆత్మ, నీళ్ళు, రక్తం అని తర్వాతి మాట ఉంది. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, పాత చేతిరాత ప్రతుల్లో ఆ ముక్క కనిపించదని, తర్వాత ఎప్పుడో చేరిందని రాసి ఉంది.

"నాన్న వేలు పెట్టిన చోట ఏమీ లేదక్కా," అంది చెల్లెలు.

అక్కకు ఒళ్ళు మండింది. మండడానికి కారణం ఉంది, ఆ సంగతి ఆమెకు ఎప్పుడో తెలుసు. పాస్టరు గారు పాఠం చెప్పేవాళ్ళకు ఒకసారి చెప్పాడు. చెల్లెలితో ఆమె అనలేదు, అంతే. "ఆ ఒక్క ముక్క పోతే ఏమైందే? బాప్తిస్మం ముగ్గురి పేరా ఇమ్మన్నాడు, అది ఉందిగా. వాక్యమే దేవుడని యోహాను మొదట్లోనే ఉంది. తోమా ఆయన్ని పట్టుకుని నా దేవుడా అన్నాడు, ఆయన కాదనలేదు. పరిశుద్ధాత్మతో అబద్ధమాడినవాడు దేవుడితోనే ఆడాడని పేతురు అన్నాడు. ఇవన్నీ ఏమయ్యాయి?"

"ఉన్నాయి. తండ్రి నాకంటే గొప్పవాడని ఆయనే అన్నది కూడా ఉంది. ఆ రోజు ఎప్పుడో కుమారుడికి కూడా తెలియదని ఉంది. నువ్వొక్కడివే నిజమైన దేవుడివని తండ్రికి ప్రార్థన చేసింది కూడా ఉంది. నీవి నువ్వు ఏరుకున్నావు, నావి నేను ఏరుకుంటాను. ముగ్గురూ కలిసి ఒక్క దేవుడన్న మాట మీద వేలు పెట్టి చూపించు."

"అది ఒక చోట వేలు పెట్టేది కాదే. మొత్తం చదివితే తెలిసేది."

"మరి నాన్న ఒక చోటే ఎందుకు పెట్టాడు?"

నిజానికి తప్పు ఆ చట్టంలోనే ఉంది. పుస్తకమంతా పరుచుకుని ఉందని నమ్మేదాన్ని ఒక్క వాక్యానికి మేకు కొట్టి వేలాడదీశాడు పెద్దాయన. మేకు ఊడితే అంతా కింద పడింది. ఆ మాట అప్పుడు అక్కకు తోచలేదు, తోచినా నాన్నను అనడానికి నోరు రాదు.

చెల్లెలు ఒక్కడేవాళ్ళలో కలిసింది. ఊళ్ళో వాళ్ళకు పడిన పేరది. తండ్రి ఒక్కడే దేవుడు, కుమారుడు ఆయన పంపినవాడు, ఆత్మ ఆయన శక్తి అని వాళ్ళు చెప్తారు. ఉద్యోగం నుంచి దిగిపోయిన బస్సు డ్రైవరు ఒకాయన ఇంటి మేడ మీద పది కుర్చీలు వేసుకుని కూడుకుంటారు. అక్క మాత్రం ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్ళేది.

అయినా మిషన్లు ఎదురెదురుగానే ఉన్నాయి. అంగీ తిప్పి ఇస్తూ అక్క ఒక వచనం విసిరేది. కాజా దారం కొరికి తెంపుతూ చెల్లెలు ఇంకొకటి విసిరేది. బడి కోట్లు తీసుకెళ్ళడానికి వచ్చిన మేస్టారు ఒకాయన కాసేపు విని, "మీ ఇద్దరి మధ్య దేవుడు నలిగిపోయేలా ఉన్నాడు," అని నవ్వాడు. ఇద్దరూ కలిసి ఆయన మీద విరుచుకుపడ్డారు. ఆ పూట ఇద్దరూ బాగా నవ్వుకున్నారు కూడా. ఒకే కంచం, ఒకే దీపం, ఒకే మందుల డబ్బా. దేవుడి దగ్గర తప్ప వాళ్ళకు తేడాలేమీ లేవు.

చర్చి పెద్దలు ఊరుకోలేదు. తోటలో చిట్టి పక్క జాగా, తిరిగొచ్చి ముగ్గుర్నీ ఒప్పుకుంటేనే అని తేల్చారు. కబురు అక్క చేతే పంపించారు.

"ఒక్క మాటే కదే," అంది అక్క, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి. "పాస్టరు గారి ముందు అనేసెయ్యి. మనసులో నీ ఇష్టం. చిట్టి పక్కన జాగా పోతుందే."

చెల్లెలు బొత్తాల డబ్బాలో వేళ్ళు పెట్టి కెలికింది. "వాడి పక్కన పడుకోవాలని నాకెంత ఉందో నీకు తెలియదా. పొద్దున లేస్తే నాకు అదొక్కటే ఆలోచన. కానీ అబద్ధం చెప్పి వాడి పక్కకు ఎలా వెళ్ళను? వాడికి నేను అబద్ధాలాడొద్దనే కదా నేర్పింది."

"అక్కడ వాడు ఒక్కడే ఉంటాడే."

"తెలుసు," అంది చెల్లెలు. లేచి పెరట్లోకి వెళ్ళి, కుళాయి విప్పి చాలాసేపు మొహం కడుక్కుంది.

ఆ వానాకాలమే, కోటుకు కాజాలు తీస్తూ తీస్తూ చెల్లెలు మిషను మీదికి ఒరిగిపోయింది. పక్షవాతం. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. గవర్నమెంటు ఆసుపత్రిలో కిటికీ పక్క మంచం దొరికింది. బతకదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. అక్క వరండాలో నిలబడి పాస్టరు గారికి కబురు పెట్టింది.

ఆయన వయసులో చిన్నవాడు, చెడ్డవాడు కాదు. సైకిలు మీద తడుస్తూ వచ్చాడు. మంచం కాళ్ళ దగ్గర నిలబడి మెత్తగా అన్నాడు: "మాట రాకపోయినా పర్వాలేదమ్మా. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడని ఒప్పుకుంటే మూడు వేళ్ళు చూపించండి. అది చాలు. మిగతావాళ్ళకు నేను చెప్పుకుంటాను."

చెల్లెలి ఎడమ చెయ్యి సెలైను సూదితో అట్టముక్కకు కట్టేసి ఉంది. పడిపోయిన కుడి చెయ్యి అక్క ఒళ్ళో ఉంది. సూది పోట్లతో గరుకెక్కిన వేళ్ళు. అక్క ఆ బొటనవేలినీ చిటికెనవేలినీ తన అరచేతిలో నొక్కి మడిచింది. తన చెయ్యి దుప్పటి చాటున ఉంచి, మిగతా మూడింటినీ కింద నుంచి ఆనించి పైకి లేపింది.

"స్తోత్రం," అన్నాడు పాస్టరు. అప్పుడే కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. చెల్లెలి తల దిండు మీద అటూ ఇటూ కదిలింది. ఆయన చూడలేదు. చూసింది అక్క ఒక్కతే.

చెప్పకూడని మాట ఒకటుంది, చెప్పాలి. ఆ మూడు వేళ్ళూ లేచి నిలబడ్డ క్షణాన అక్కకు చిట్టి గుర్తు రాలేదు, తోటలో జాగా గుర్తు రాలేదు. గెలిచాను అనిపించింది. ఇన్నేళ్ళ వాదన గెలిచాను అనిపించింది. ఆ తర్వాతే చెల్లెలి కళ్ళు చూసింది. ఆ కళ్ళు ఆమె మొహం మీదే ఆగి ఉన్నాయి.

ఆదివారం చర్చిలో ఆ మూడు వేళ్ళ గురించే ప్రసంగం. మాట పోయినా విశ్వాసం పోలేదని, చచ్చుపడిన చేతిని దేవుడే లేపాడని పాస్టరు గారు చెప్తుంటే జనం కళ్ళు తుడుచుకున్నారు. దేవుడే లేపాడన్న మాటకు అక్క తన చేతులు పైట కింద దాచుకుంది. మేడ ఇంటి డ్రైవరు ఆసుపత్రికి వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. "విన్నది నిజమేనామ్మా?" అని చెల్లెల్ని అడిగాడు. ఆమె గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. "అలిసిపోయింది, మాట్లాడించకండి," అంది అక్క. ఆయన తెచ్చిన పండ్లు గూట్లో పెట్టి వెళ్ళిపోయాడు. మేడ మీది వాళ్ళెవరూ మళ్ళీ రాలేదు.

డాక్టరు మాట తప్పింది, చెల్లెలు చావలేదు. ఇంటికి వచ్చింది. ముందుగదిలో మిషను తీసేసి ఆమె మంచం వేశారు. కొన్నాళ్ళకు ముద్దముద్దగా మాట కూడా కొంచెం తిరిగింది. మొదటిసారి కూడబలుక్కుని అన్నమాట ఒకటే.

"చెప్పు."

ఏం చెప్పాలో, ఎవరికి చెప్పాలో అక్కకు తెలుసు. "చెప్తాలే, నువ్వు ముందు కోలుకో," అంది. ఇంకోసారి "చెప్పు" అంది చెల్లెలు. "ఈ వారం పాస్టరు గారు ఊళ్ళో లేరు," అంది అక్క. ఉన్నాడు. ఆ తర్వాత చెల్లెలు అడగడం మానేసింది. మాట్లాడటమే మానేసింది. అక్క తినిపిస్తే తింటుంది, తుడిస్తే తుడిపించుకుంటుంది, జడ వేస్తే తల వంచుతుంది. పాలవాడితో రెండు ముక్కలు మాట్లాడుతుంది. అక్కతో మాత్రం లేదు.

ఆ మౌనం భరించలేక ఒక మధ్యాహ్నం అక్క బైబిలు తెచ్చి ఆమె ఒళ్ళో తెరిచి పెట్టింది. "నన్ను తిట్టాలనుంటే తిట్టు. నోరు రాకపోతే వేలు పెట్టి చూపించు. నేను చేసింది తప్పని ఎక్కడుందో చూపించు, పడతాను."

చెల్లెలు బాగున్న ఎడమ చేత్తో పుస్తకాన్ని మెల్లగా, కష్టం మీద, అక్క వైపు తోసింది. నాన్న తోసేవాడే, అచ్చం అలాగే.

నువ్వు పెట్టు అని.

అక్క వేలు చాపింది. కాగితం మీద ఆనించకుండానే ఆగిపోయింది. ముగ్గురి కోసం ఆమె దగ్గర బోలెడు వచనాలున్నాయి, ఇప్పుడు అడిగినా గుక్క తిప్పుకోకుండా చెప్తుంది. ఒక మనిషి చెయ్యి పట్టుకుని ఆ మనిషి అనని మాట అనిపించడానికి ఒక్క వచనం లేదు. పుస్తకం మూసి లోపలికి వెళ్ళింది. పొయ్యి మీద నీళ్ళు మరిగి మరిగి ఇగిరిపోయేదాకా అక్కడే నిలబడింది.

చలికాలం మొదట్లో చెల్లెలు పోయింది. తెల్లారి అక్క జడ విప్పడానికి వెళ్ళేసరికి మంచం మీద చల్లగా ఉంది. అక్కతో మాట్లాడకుండానే పోయింది.

తోటలో చిట్టి పక్కన గొయ్యి తవ్వారు. చిన్న సమాధి పక్కన అంత పెద్ద గొయ్యి చూస్తుంటే, వాడి మీదికి ఎవరో వంగి దుప్పటి సర్దుతున్నట్టు ఉంది. చర్చి చర్చంతా వచ్చింది. మూడు వేళ్ళ మనిషిని చూడ్డానికి పక్క సంఘాల వాళ్ళు కూడా వచ్చారు. పాటయ్యాక పాస్టరు గారు అక్క వైపు తిరిగి, "సాక్ష్యం చెప్పండమ్మా," అన్నాడు.

అక్క పెట్టె మీద చెయ్యి వేసింది. చెప్పాల్సింది ఒక్క వాక్యం. చిన్నప్పటి నుంచి ఎన్ని చావుల దగ్గర విందో. కొత్తగా తవ్విన మట్టి చిట్టి సమాధి రాయి మీదికి కొంచెం జారింది, దాన్ని ఎవరైనా తుడిస్తే బాగుండనిపించింది. ఆ ఒక్క వాక్యం అంటే చాలు, తల్లీకొడుకులు పక్కపక్కన ఉంటారు. ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

"ఆ రోజు వేళ్ళు లేపింది నేను," అంది.

జనంలో గుసగుస లేచి ఆగింది. పాస్టరు గారు దగ్గరికి వచ్చి, ఆమెకు మాత్రమే వినిపించేలా అన్నాడు: "మీరు దుఃఖంలో ఉన్నారు. ఆ సంగతి ఇప్పుడెందుకమ్మా. మామూలు మాట చెప్పేయండి, దించేద్దాం." ఆయన నిజంగానే బతిమాలుతున్నాడు. పక్కన పిల్లాడి సమాధిని ఆయన కూడా చూస్తున్నాడు.

"మా చెల్లెలు దేవుడు ఒక్కడేనని, ఆయన తండ్రేనని నమ్మి చచ్చిపోయింది," అంది అక్క, అందరికీ వినిపించేలా. "నేను ముగ్గురూ ఒక్క దేవుడని నమ్ముతూ బతికున్నాను. నేను నమ్మేది దాని వేళ్ళతో బలవంతాన అనిపించాను. అది ఒప్పుకోలేదు. తల అడ్డంగా ఊపింది, మీరు కళ్ళు మూసుకున్నారు. నా సాక్ష్యం ఇంతే."

పాస్టరు గారు పెద్దల వైపు చూశాడు. వాళ్ళలో అందరికంటే ముసలాయన, నాన్న స్నేహితుడు, తల అడ్డంగా ఊపి నేల చూశాడు. మోసుకొచ్చినవాళ్ళే పెట్టెను మళ్ళీ ఎత్తి బండి ఎక్కించారు. మూడు వేళ్ళ మనిషిని చూడ్డానికి వచ్చినవాళ్ళు గేటు దగ్గర దారి ఇచ్చి పక్కకు జరిగారు. అక్కను పలకరించిన మనిషి లేడు. సమాధులు తవ్వే ముసలివాడు మాత్రం పార పట్టుకుని దగ్గరికి వచ్చాడు.

"గొయ్యి పూడ్చేయమంటావా అమ్మా?"

ఆమె చిట్టి రాయి మీది మట్టి అరచేత్తో తుడిచింది. "పూడ్చెయ్యి నాయనా," అంది.

మునిసిపాలిటీ శ్మశానం ఊరి చివర, బస్సు డిపో వెనక, పాత టైర్ల గుట్టల పక్కన ఉంది. ఏ చర్చికీ చెందనివాళ్ళని అక్కడ పెడతారు. అక్క దారిలో బండి ఆపించి డ్రైవరు తలుపు కొట్టింది. గుమ్మంలోనే నిలబడి జరిగింది మొత్తం చెప్పింది. ఆయన చెప్పులు వేసుకుని బండెక్కాడు. మేడ మీది వాళ్ళు ఇద్దరు ముగ్గురు వెనకే వచ్చారు.

పెట్టె దించాక డ్రైవరు, "ప్రార్థన మీరు చేస్తారా, నన్ను చెయ్యమంటారా?" అని అడిగాడు. గొంతులో కోపం లేదు, ఆదరణా లేదు.

"నేనే చేస్తాను," అంది అక్క.

కళ్ళు మూసుకుంది. "తండ్రీ," అంది. ఆ వెనకే మిగతా రెండు పేర్లూ అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చాయి. వాళ్ళని నమ్మడం ఆమె మానలేదు, మానదు కూడా. కానీ ఈ గోతి దగ్గర చెల్లెలు తనతో కలిసి అనగలిగే మాట అదొక్కటే. మళ్ళీ ఇంకోసారి దాని నోట్లో తన మాట పెట్టలేదు. ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. ఇంకా ఏదో వస్తుందని డ్రైవరు చాలాసేపు కళ్ళు మూసుకునే నిలబడ్డాడు.

ఈపాటికి తోటలో చిట్టి పక్కన గొయ్యి పూడ్చేసి ఉంటారు.